ఒక్కపొద్దు మాటున దాగే జబ్బు

తిరుపతి, చిత్తూరు వైపు శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు లేని వీధి ఉండదు. పెరటాసి అనే తమిళ నెల వస్తే కొన్ని ఇళ్లలో పిల్లలతో సహా అందరూ ఉంటారు. స్వామికి తళిగ (నైవేద్యం) వేసేదాకా ఏమీ ముట్టరు. ఆ తర్వాత వరసగా కూర్చుని కడుపునిండా తింటారు. ఒక్కపొద్దు ఉన్న మనిషికి ఆకలేస్తుంది, తింటే ప్రాణం లేచొస్తుంది, మర్నాడు మామూలే. తిన్నందుకు ఎవరూ కుమిలిపోరు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బులు మన ఇళ్లలోకి చాలాసార్లు ఇలాంటి మంచి పేర్లతోనే వస్తాయి. శనివారానికి సోమవారం తోడవుతుంది, తర్వాత గురువారం, ఆపైన ఏకాదశి. పిల్లకి భక్తి ఎక్కువైందని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. కొన్నిచోట్ల దాని పేరు డైటింగ్, ఇంకొన్నిచోట్ల గ్యాస్ ట్రబుల్. ఎన్ని పూటలు మానేసిందో లెక్కపెడితే జబ్బు దొరకదు. తినాల్సిన వేళ వచ్చినప్పుడు తినగలుగుతోందా, తిన్నాక మనసు కుదురుగా ఉంటోందా అన్నది చూడాలి.

యూనివర్సిటీలతో, కోచింగ్ సెంటర్లతో నిండిన తిరుపతిలో హాస్టళ్లకి కొదవ లేదు. మెస్‌లో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో అడిగే అమ్మ అక్కడ ఉండదు. పక్కన కూర్చున్న స్నేహితురాలికే తెలియాలి. ఒకమ్మాయి ప్లేట్లో రెండు ఇడ్లీలు ఉంటాయి. ఆ అమ్మాయి వాటిని గోరంత ముక్కలు చేస్తుంది, చట్నీ తగలకుండా పక్కకి జరుపుతుంది, ఒక ముక్క నోట్లో పెట్టుకుని నీళ్లు తాగుతుంది. అందరూ చెయ్యి కడుక్కునే సరికి ఇడ్లీలు చిదిమి ఉంటాయి గానీ తగ్గి ఉండవు. అదే అమ్మాయి రూములో అందరికీ నూడుల్స్ చేసిపెడుతుంది, రాత్రిళ్లు ఫోన్లో వంటల వీడియోలు చూస్తుంది. మే నెల తిరుపతి ఎండల్లో కూడా చలేస్తోందంటుంది. నెలసరి ఆగిపోతుంది, జుట్టు ఊడిపోతుంది, వీపు మీదా చేతుల మీదా సన్నటి నూగు మొలుస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. దీన్ని అనొరెక్సియా నెర్వోసా అంటారు. ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన కొత్త రోగమేమీ కాదు. లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ అనే వైద్యులు 1873లోనే దీన్ని వివరించారు. మానసిక జబ్బుల్లో ఎక్కువగా ప్రాణం తీసేవాటిలో ఇదొకటి.

ఇలాంటి పిల్లని ముందు తీసుకెళ్లేది కడుపు డాక్టరు దగ్గరికి. అంతకంటే ముందే దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం అయిపోయి ఉంటాయి. పాశ్చాత్య పుస్తకాల్లో ఈ జబ్బుకి ముఖ్య గుర్తు లావైపోతానన్న భయం. అయితే హాంకాంగ్‌లోనూ మన దేశంలోనూ ఆ భయం ఊసే ఎత్తని రోగుల గురించి సైకియాట్రిస్టులు రాశారు. కడుపు నిండుగా ఉంది, ఉబ్బరంగా ఉంది, సయించట్లేదు, ఇంతే వాళ్లు చెప్పేది. అది సాకు కూడా కాదు. చాలాకాలం చాలీచాలని తిండి తింటే పొట్ట నెమ్మదిగా పనిచేస్తుంది, తిన్నది కిందికి దిగడానికి ఎక్కువసేపు పడుతుంది, నాలుగు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది. ఎండోస్కోపీ చేస్తే అంతా నార్మల్ అని వస్తుంది. గ్యాస్ మాత్రలు మారుతుంటాయి, నెలలు గడుస్తుంటాయి. థైరాయిడ్, షుగర్, టీబీ ఉన్నాయేమో చూడాల్సిందే. అవేవీ లేవని తేలాక కూడా బరువు తగ్గుతూనే ఉంటే సైకియాట్రీ గుర్తుకు రావాలి. ఈ ఒక్క అడుగు ఆలస్యమవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోందని నా నమ్మకం.

పిల్ల మొండిది, పొగరు, ఎవరితోనూ మాట్లాడదు అని బంధువులు అంటుంటారు. ఆ మాట అనే ముందు అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి 24 వారాల పాటు అరకొర తిండి పెట్టి చూశాడు. వాళ్లు ఇష్టపడి చేరినవాళ్లే, మనసుకి ఏ జబ్బూ లేనివాళ్లే. వారాలు గడిచేకొద్దీ వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదివారు, ప్లేట్లు నాకారు, ఉన్న కాస్త తిండినీ గంటలకొద్దీ సాగదీస్తూ తిన్నారు. చలి, చిరాకు, దిగులు, స్నేహితులంటే విసుగు. మళ్లీ తిండి పెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా చాలేది కాదు. మనం పొగరు అనుకుంటున్నదాంట్లో సగం ఆకలి మెదడుని చేసే పనే. అందుకే ఈ జబ్బుకి చికిత్స కౌన్సెలింగ్‌తో పాటు తిండితోనూ మొదలవుతుంది.

సన్నగా ఉన్నవాళ్లకే ఈ జబ్బులు వస్తాయనుకోవద్దు. బులీమియా అనే ఇంకో తిండి జబ్బులో మనిషి చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఎవరూ చూడకుండా చాలా తిని, తర్వాత భయంతో వాంతి చేసుకుంటుంది. పళ్ల పైపొర లోపలివైపు అరిగిపోవడం, చెవుల కింద బుగ్గలు ఉబ్బడం పళ్ల డాక్టరు కంటికే ముందు పడతాయి. ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఆపుకోలేక తినడం ఉండి వాంతులు లేకపోతే అది ఇంకో జబ్బు. 2013లో అమెరికన్ సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల్ని వర్గీకరించే పుస్తకం డీఎస్ఎం-5 దాన్ని వేరే జబ్బుగా గుర్తించింది. మగపిల్లలకీ ఇవన్నీ వస్తాయి. జిమ్ పేరు చెబుతారు కాబట్టి ఎవరూ అనుమానించరు.

ఇంగ్లాండులో 1999లో తయారైన ఐదు ప్రశ్నలు తిండి జబ్బుల్ని పసిగట్టడానికి చాలా దేశాల్లో డాక్టర్లకి పనికొస్తున్నాయి. పొట్ట మరీ నిండిందనిపించి కావాలని వాంతి చేసుకుంటున్నారా? ఎంత తింటున్నామో అదుపు తప్పిందని టెన్షన్ పడుతున్నారా? మూడు నెలల్లో ఆరు కిలోలకి పైగా తగ్గారా? అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగా ఉన్నామనిపిస్తోందా? తిండే మీ బతుకుని ఏలుతోందనిపిస్తోందా? కనీసం రెండింటికి అవునంటే డాక్టరుకి చూపించుకోవాలి. కడుపుబ్బరం ఒక్కటే చెప్పే పిల్లలు ఈ జల్లెడలోంచి జారిపోవచ్చు, మన దగ్గర అది గుర్తుంచుకోవాలి.

పెంపకం లోపమని తల్లులు తమని తాము తిట్టుకుంటారు. 2019లో దాదాపు 17 వేల మంది అనొరెక్సియా రోగుల జన్యువులని పరిశీలిస్తే, మానసిక జబ్బులతోనే కాక ఒంట్లో కొవ్వు, చక్కెరల వాడకంతోనూ దీనికి చుట్టరికం కనిపించింది. తప్పు వెతకడం మాని డాక్టరుని వెతకండి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. చిత్తూరు వాళ్లకి వేలూరు సీఎంసీ దగ్గర. దాని మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైనులో తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మానసిక జబ్బులకి కూడా మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా, కింద కూర్చున్న మనిషి చేతి ఊతం లేకుండా లేవలేకపోయినా ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకే తీసుకెళ్లాలి. బాగా చిక్కిపోయిన పిల్ల ఎట్టకేలకు తింటానంటే అమ్మలు సంతోషంతో సంగటీ, పప్పూ, నెయ్యీ అన్నీ ఒక్కసారే వడ్డిస్తారు. అది ప్రమాదం. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పడితే ఇన్సులిన్ పెరుగుతుంది, రక్తంలోని ఫాస్ఫేట్ అనే లవణం కణాల్లోకి వెళ్లిపోతుంది, గుండె, ఊపిరి దెబ్బతింటాయి. అందుకే ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తూ కొద్దికొద్దిగా పెంచుతారు.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి బాగా పనిచేసేది ఇంటివాళ్లే ముందుండి నడిపే చికిత్స. ఏం తినాలి, ఎంత తినాలి అన్నది కొన్నాళ్లు అమ్మానాన్నలే నిర్ణయిస్తారు, పక్కన కూర్చుని తినిపిస్తారు, థెరపిస్టు దారి చూపిస్తారు. పెద్దవాళ్లకి తిండి జబ్బుల కోసమే మలిచిన సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స, ఉంది. బులీమియాకి ఫ్లుఓక్సెటిన్ మందు సాయపడుతుంది. అనొరెక్సియాని మందు ఒక్కటే నయం చేయలేదు.

మాట్లాడేటప్పుడు బరువు మాట ఎత్తకండి. లావైపోయావే అన్నా, ఇప్పుడు బాగా చిక్కావు అన్నా రెండూ గుచ్చుకుంటాయి. "నీకు చలి ఎక్కువేస్తోంది, నిద్ర పట్టట్లేదు, నాకు భయంగా ఉంది. ఇద్దరం కలిసి వెళ్దాం రామ్మా" అనండి. రానంటే నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లిందని తెలిస్తే సంబంధాలు రావన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆ మాట పిల్ల చెవిన పడనివ్వకండి. బరువు మామూలుకొచ్చాక కూడా మొదటి ఏడాది తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి, కాలేజీ మారినా, ఊరు మారినా, పెళ్లి కుదిరినా ఆ ఏడాదంతా డాక్టరుకి చూపించుకుంటూనే ఉండాలి.