వేలూరుకా, తిరుపతికా?

చిత్తూరులో తెల్లవారి కాఫీ తాగుతున్న పెద్దాయన చేతిలోని గ్లాసు జారిపడి, మూతి ఒక పక్కకు లాగి, మాట ముద్దముద్దగా వచ్చిందంటే ఇంట్లోవాళ్లకు పక్షవాతమని వెంటనే తెలిసిపోతుంది. తేలనిది ఎక్కడికి తీసుకువెళ్లాలన్నదే. వేలూరు సుమారు 35 కిలోమీటర్లు, తిరుపతి అందుకు రెట్టింపు. ఒకరికి వేలూరు ఆసుపత్రి మీద గురి, మరొకరికి తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో తెలిసినవాళ్లున్నారు. ఈ వాదన తెగేలోపు జరిగే నష్టాన్ని లెక్కగట్టినవారున్నారు: మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి.

పక్షవాతమని మనం ఒకే పేరుతో పిలుస్తున్నా అందులో రెండు జబ్బులున్నాయి. ఎక్కువమందిలో రక్తనాళానికి గడ్డ అడ్డుపడుతుంది. మిగిలినవారిలో నాళం చిట్లి మెదడులోకి రక్తం కారుతుంది. పడిపోయిన చెయ్యిని చూసి ఏది ఏదో కచ్చితంగా చెప్పగల వైద్యుడు లేడు, స్కాన్ తీయాల్సిందే. అందుకే అంతకుముందే వీధి చివర వేయించే ఆస్పిరిన్ మాత్ర, బీపీని గబుక్కున దించే మందు మేలుకన్నా కీడే చేయవచ్చు. గడ్డ అడ్డుపడినవారిలో, పెరిగిన ఆ బీపీయే చుట్టుపక్కల సన్నని నాళాల గుండా మెదడుకు కాస్తో కూస్తో రక్తం అందిస్తూ ఉంటుంది. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న ఆసుపత్రి ఎంత పెద్దదన్నది కాదని నా అభిప్రాయం. రాత్రి రెండు గంటలకు వెళ్లినా సీటీ స్కాన్ తీస్తారా, తీసినదాన్ని చూసి గడ్డను కరిగించే సూది వేయాలో వద్దో తేల్చేవారున్నారా అన్నది.

ఆ సూదిమందుకు గడువు నాలుగున్నర గంటలు. మనం చూసిన క్షణం నుంచి కాదు, రోగి చివరిసారిగా బాగున్నట్టు తెలిసిన క్షణం నుంచి ఆ లెక్క మొదలవుతుంది. రాత్రి పదింటికి పడుకున్న మనిషి ఉదయం ఐదింటికి కాలూచెయ్యీ పడిపోయి కనిపిస్తే మామూలు లెక్కలో గడువు దాటిపోయినట్టే; ప్రత్యేకమైన స్కాన్‌లు తీయగల చోట మాత్రం ఇంకా ఆశ ఉంటుంది. పాత మందు ఆల్టెప్లేజ్‌ను 60 కిలోల మనిషికి మొత్తం 54 మిల్లీగ్రాములు ఇస్తారు. పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు పంపు ద్వారా. కొత్త మందు టెనెక్టెప్లేజ్ అయితే అదే మనిషికి 15 మిల్లీగ్రాములు, కొన్ని సెకన్లలో అయిపోతుంది. దగ్గరి ఆసుపత్రిలో సూది వేయించుకుని పెద్ద ఆసుపత్రికి బయలుదేరడం దీనివల్ల సులువైంది.

పెద్ద ఆసుపత్రి అవసరం అక్కడే వస్తుంది. పెద్ద నాళంలో ఇరుక్కున్న గడ్డ సూదికి చాలాసార్లు కరగదు. తొడ దగ్గరి ధమనిలో నుంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా నడిపి గడ్డను బయటికి లాగే చికిత్స రోగులపై జరిపి 2015లో వెలువరించిన పరీక్షలతో స్థిరపడింది; 2018 నుంచి, ఎంపిక చేసిన రోగులకు 24 గంటల దాకా చేస్తున్నారు. ఇది చేయగల బృందం ప్రతి పట్టణంలోనూ ఉండదు. మరి నేరుగా అక్కడికే పోవడం మంచిదా? స్పెయిన్‌లోని కాటలోనియాలో నగరాలకు దూరంగా ఉన్న 1,401 మందిపై ఇదే ప్రశ్న పరీక్షించి 2022లో ప్రకటించారు: నేరుగా వెళ్లినవారికీ, దగ్గరి ఆసుపత్రిలో ఆగి వెళ్లినవారికీ మూడు నెలల తర్వాత తేడా కనిపించలేదు. అయితే అక్కడి దగ్గరి ఆసుపత్రులన్నీ పక్షవాతానికి సిద్ధంగా ఉన్నవే. స్కాన్ లేని నర్సింగ్ హోంలో సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోవడం ఆ కోవలోకి రాదు.

తర్వాతి రోజుల సంగతి ఎవరూ అంతగా అడగరు. పక్షవాతం రోగులను ఒకే వార్డులో ఉంచి, అందులో అలవాటుపడిన నర్సులూ ఫిజియోథెరపిస్టులూ చూసుకునే చోట మరణాలూ, ఒకరిపై ఆధారపడే బతుకూ తగ్గుతాయని పరీక్షలు చెబుతున్నాయి. అక్కడ జరిగేది చూస్తే గొప్పగా ఏమీ అనిపించదు. గొంతు కండరాలు చచ్చుబడితే మింగినది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది కాబట్టి, బంధువులు ఫ్లాస్కులో తెచ్చిన పాలను నర్సు పక్కన పెట్టిస్తుంది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి చెంచాడు నీళ్లు పోసి, దగ్గు వస్తుందా, గొంతు గరగరమంటుందా అని గమనిస్తుంది. ఆ చెంచాడు నీళ్లు సవ్యంగా దిగాకే పాలు.