ఆశాల సమ్మె టెంటులో హమాలీలకేం పని?

ఆశా వర్కర్లు సమ్మెకు దిగి తహశీల్దారు ఆఫీసు ముందు టెంటు వేశారంటే, రెండు మూడు రోజుల్లో అక్కడికి వేరే సంఘాల వాళ్ళు రావడం మొదలవుతుంది. మార్కెట్ యార్డు హమాలీలు వస్తారు, ఆటో యూనియన్ వాళ్ళు వస్తారు, మున్సిపాలిటీ ఉన్న ఊరైతే పారిశుధ్య కార్మికులు పొద్దున డ్యూటీ దిగి నేరుగా అటే వచ్చి ఓ గంట కూర్చుంటారు, టీచర్లు బడి వదిలాక వచ్చి మైకు అందుకుంటారు. మర్నాడు జిల్లా పేజీలో 'ఆశాలకు సంఘీభావం' అని చిన్న వార్త పడుతుంది, ఎవరూ పెద్దగా చదవరు. "వాళ్ళ జీతాల గొడవలో వీళ్ళకేం పని, అంతా పార్టీల వ్యవహారం" అనేవాళ్ళు మాత్రం చాలామందే ఉంటారు. పార్టీల వ్యవహారం అసలు లేదని నేననను, ఆ సంగతి కిందకి వస్తుంది. కానీ బయటి సంఘాలు ఆ టెంటులోకి ఎందుకు వస్తున్నాయో తెలియాలంటే ఆశా పథకం పుట్టక ముందు నుంచీ మొదలుపెట్టాలి.

1977లో జనతా ప్రభుత్వం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 2న ఊరికో ఆరోగ్య కార్యకర్త అని ఒక పథకం మొదలుపెట్టారు. వెయ్యి జనాభాకు ఒకరు, మూడు నెలల శిక్షణ, ఆ తర్వాత నెలకు 50 రూపాయల గౌరవ వేతనం, ఇంకో 50 రూపాయల విలువైన మందులు. అప్పట్లో తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. కొన్నాళ్ళకు వాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు, 50 రూపాయలకు ఏం వస్తుంది పెంచండి అన్నారు, పర్మినెంట్ చేయండి అన్నారు, కోర్టులకూ వెళ్ళారు. సర్కారు వాళ్ళని మొదట వర్కర్లంది, తర్వాత వాలంటీర్లంది, 1981 నాటికి హెల్త్ గైడ్లంది, అంతే తప్ప ఉద్యోగులని మాత్రం ఒప్పుకోలేదు. పథకం అలా నీరసపడుతూ వచ్చి, 2002లో కేంద్రం డబ్బులు ఆపేయడంతో ఆగిపోయింది.

ఈ అనుభవం ఢిల్లీలో ఫైళ్ళు రాసేవాళ్ళకు బాగా గుర్తుండిపోయింది. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు, ఆశాను ఎలా నిలబెట్టాలన్న చర్చలో పాత హెల్త్ గైడ్ల గొడవ మళ్ళీ రాకూడదన్న భయం ఉంది. అందుకే ఈసారి మగవాళ్ళు వద్దన్నారు, ఆ ఊరి కోడలే ఉండాలన్నారు, నెల జీతం అనే మాటే లేకుండా చేసిన పనికి ఇంత అని లెక్క కట్టారు. సంఘం పెట్టుకుని జీతం అడిగే వీలే లేకుండా చేద్దామనుకుని కట్టిన పథకం ఇది. ఇరవై ఏళ్ళు తిరక్కముందే దేశంలో ఆడవాళ్ళు నడిపే పెద్ద సమ్మెల్లో ఆశాల సమ్మెలూ చేరాయంటే ఆ లెక్క ఎంత తప్పిందో చూడండి.

పనికి ఇంత అంటే ఎలా ఉంటుందో ఒక్కటి దగ్గరగా చూద్దాం. ఆసుపత్రిలో కాన్పు జరిగాక ఆశా ఆ బిడ్డను ఇంటికెళ్ళి చూడాలి. 3వ రోజు, 7వ రోజు, 14, 21, 28, చివరికి 42వ రోజు. వెళ్ళిన ప్రతిసారీ బరువు తూయాలి, జ్వరం చూడాలి, బొడ్డు ఎలా ఉందో చూడాలి, తల్లి పాలు సరిగా పడుతున్నాయా అని అడగాలి, ఇవన్నీ ఫారంలో రాయాలి. ఈ ఆరు రాకలూ పూర్తయితే మొత్తం 250 రూపాయలు. ఒక్కో రాకకు 42 రూపాయలు కూడా పడవు. తల్లి పుట్టింటికి వేరే ఊరు వెళ్ళిపోతే ఆ లెక్క తెగి, డబ్బుల దగ్గర పేచీ మొదలవుతుంది. టీకాలకు వేరే రేటు, కుష్ఠు సర్వేకు వేరే రేటు, టీబీ పరీక్షకు తెమడ డబ్బాలు మోసుకెళ్ళడం అదనం. తెలంగాణ ఆశాల డిమాండ్ల పత్రంలో ఆ డబ్బాలు మాతో మోయించొద్దు అన్నది విడిగా ఉంటుందంటే ఎంత విసిగిపోయారో అర్థం చేసుకోవచ్చు.

ఇక సమ్మె సంగతి. ఫ్యాక్టరీ కార్మికుడు సమ్మె చేస్తే యాజమాన్యానికి నోటీసు, లేబర్ కమిషనర్ దగ్గర చర్చలు, ఇదంతా ఒక పద్ధతి. ఆశా సమ్మె చేస్తానంటే ముందు వచ్చే జవాబు "అసలు మీరు ఉద్యోగులే కాదు కదా". ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మున్సిపల్ కార్మికులు చీపురు కింద పెడితే మూడో రోజుకే వీధి చివర కంపు మొదలై ఊరంతా మాట్లాడుకుంటుంది, కానీ ఆశా రాకపోతే ఆగిపోయేది గర్భిణీ పేరు రాయడం, బిడ్డ బరువు చూడడం, టీకా రోజు ఇల్లిల్లూ తిరిగి పిలవడం, వీటి లోటు నెలలు గడిస్తే గానీ కనపడదు. కాబట్టి ఆమె సమ్మె నలుగురి కంట పడాలంటే పక్కన ఇంకెవరైనా నిలబడాలి. సంఘీభావం అన్నది ఇక్కడ మర్యాద కోసం పెట్టుకున్నది కాదు, అది లేకపోతే టెంటు వారానికే లేచిపోతుంది.

ఈ పని ఊళ్ళలో మొదలుపెట్టింది ఎక్కువగా వామపక్ష సంఘాలే, సీపీఎంకు చెందిన సీఐటీయూ ముందు, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ ఆ పక్కన. అంగన్‌వాడీలు, మధ్యాహ్న భోజనం వండేవాళ్ళు, ఆశాలు, వీళ్ళందరినీ స్కీమ్ వర్కర్లు అని ఒక గొడుగు కిందకి తెచ్చి, సార్వత్రిక సమ్మెల డిమాండ్లలో వాళ్ళ సంగతి చేర్చారు. దాని ఫలితం 2013లో కనిపించింది. ఆ ఏడాది 45వ భారత కార్మిక సదస్సులో ప్రభుత్వం, యజమానులు, సంఘాలు ముగ్గురూ కూర్చుని, స్కీమ్ వర్కర్లను కార్మికులుగా గుర్తించాలి, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలి అని సిఫార్సు చేశారు. 2015లో 46వ సదస్సు అదే మాట మళ్ళీ చెప్పింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ సదస్సే జరపలేదు, మన ప్రభుత్వాలు ఇష్టంలేని సిఫార్సును వదిలించుకునే తీరు ఇదే.

తెలంగాణలో 2015 గట్టి ఏడాది. జులైలో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. జీహెచ్ఎంసీ వాళ్ళకు పది రోజులకే 8,500 జీతం 12,500 అయింది, మిగతా పట్టణాల వాళ్ళను మాత్రం పట్టించుకోలేదు, వాళ్ళ సమ్మె ఆగస్టు దాకా సాగింది. అది ముగిసీ ముగియకముందే సెప్టెంబరు 2న దేశవ్యాప్త సమ్మె, ఆ రోజు నుంచే ఆశాల నిరవధిక సమ్మె. 106 రోజులు. బతుకమ్మ ఆ టెంట్ల దగ్గరే, దసరా అక్కడే, దీపావళి అక్కడే. పనికింత లెక్కన బతికే మనిషికి మూడున్నర నెలలు పని లేదంటే రాబడి సున్నా అని అర్థం. అన్ని రోజులు నిలబడాలంటే ఎవరో బియ్యం ఇవ్వాలి, ఎవరో చందా వసూలు చేయాలి, వంటావార్పు రోజున గిన్నెలు తేవాలి, ఛలో హైదరాబాద్ అంటే ముందురోజు రాత్రే అరెస్టు చేసి తీసుకెళ్తే స్టేషన్ దగ్గరికి ఎవరో పోవాలి. ఇలాంటప్పుడు ఊళ్ళో ఎవరుంటారు? హమాలీ సంఘం ఉంటుంది, ఆటో అడ్డా ఉంటుంది. పైగా ఆ హమాలీ భార్యో, ఆటో నడిపే అతని వదినో ఆశా అయి ఉండడం కూడా మామూలే, కాబట్టి సిద్ధాంతంతో పాటు ఇంటి సంగతి కూడా ఉంది.

సమ్మె ముగిసిన రోజున చేతికొచ్చింది పెద్దగా లేదు. కానీ 2017 మేలో కేసీఆర్ ఆశాలను ప్రగతి భవన్‌కు పిలిచి నెలకు 6,000 ప్రకటించారు. తర్వాత అది 7,500, ఆపైన 9,750 అయింది. ఆ 106 రోజులు లేకపోతే ఈ పిలుపు వచ్చేదని నేననుకోను.

ఆంధ్రలో దారి కొంచెం వేరు. 2019 జూన్‌లో జగన్ సీఎం అయిన కొద్ది రోజులకే 3,000 ఉన్న జీతాన్ని 10,000 చేశారు. ఒక్కసారిగా అంత పెరగడంతో సంఘాల పని అయిపోయిందనుకున్నారు కొందరు. తర్వాత కోవిడ్ వచ్చింది, ఇల్లిల్లూ జ్వరం సర్వేలు, క్వారంటైన్ ఇళ్ళ దగ్గర కాపలా, దానికి కేంద్రం అదనంగా ఇచ్చింది నెలకు వెయ్యి రూపాయలు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మంది ఆశాలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది. అవార్డు బాగుంది, కానీ 10,000 మాత్రం అక్కడే ఉండిపోయింది.

2023 డిసెంబరు 12న ఆంధ్ర అంగన్‌వాడీలు సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ సంఘాలు మూడూ కలిసి సమ్మెకు దిగారు. డిసెంబరు 26న మున్సిపల్ కార్మికులు దిగారు. సమగ్ర శిక్ష ఉద్యోగులూ అప్పటికే రోడ్డు మీద ఉన్నారు. ఒకే ఊళ్ళో రెండు మూడు టెంట్లు, ఒక టెంటు వాళ్ళు ఇంకో టెంటుకు వెళ్ళి కూర్చోవడం ఆ నెలంతా చూశాం. ఆశాలు అప్పుడు వాళ్ళ పక్కకే వెళ్ళారు. 2024 జనవరి 6న ప్రభుత్వం అంగన్‌వాడీల మీద సమ్మెలను నిషేధించే ఎస్మా (అత్యవసర సేవల చట్టం) పెట్టింది. గౌరవ వేతనం తీసుకునే సేవకులే తప్ప ఉద్యోగులు కాదని ఇన్నేళ్ళూ చెప్పి, సమ్మె చేయగానే అత్యవసర సర్వీసు అనడం ఏ లెక్కో వాళ్ళకే తెలియాలి. 42 రోజుల తర్వాత, జనవరి 22న, చర్చలతో ముగిసింది. ఫిబ్రవరిలో ఆశాలు ఛలో విజయవాడ అంటే దారిలోనే ఎక్కడికక్కడ ఆపేశారు. 2025 మార్చిలో కొత్త ప్రభుత్వం ఆశాల రిటైర్మెంట్ వయసు 62కు పెంచి, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల ప్రసూతి సెలవు, లక్షన్నర దాకా గ్రాట్యుటీ ప్రకటించింది. రాష్ట్రంలో 42 వేల మందికి పైగా ఉన్న ఆశాలకు అది చిన్న విషయం కాదు, జీతం మాత్రం కదల్లేదు.

ఇప్పుడు పార్టీల వ్యవహారం. కేరళలో 2025 ఫిబ్రవరి 10న తిరువనంతపురం సెక్రటేరియట్ ముందు ఆశాలు కూర్చున్నారు. గౌరవ వేతనం 7,000 ఉంది, 21,000 చేయండి, రిటైరైతే 5 లక్షలివ్వండి అన్నారు. సమ్మె నడిపింది మరో చిన్న కమ్యూనిస్టు పార్టీ ఎస్‌యూసీఐకి దగ్గరి సంఘం. అప్పటి ప్రభుత్వం సీపీఎం నడిపే వామపక్షాలది. మన దగ్గర ఆశాల టెంటు కర్రలు పాతే సీఐటీయూ అక్కడ ఆ సమ్మెకు ఎదురు నిలబడింది, తప్పు కేంద్రానిదంది, సమ్మె వెనక రాజకీయం ఉందంది. కాంగ్రెస్ సంఘం ఐఎన్‌టీయూసీ కూడా మొదట దూరంగా ఉండి పార్టీ చెప్పాకే దగ్గరికొచ్చింది. మార్చి 31న ఆశాలు జుట్టు కత్తిరించుకుని నిరసన తెలిపారు. నవంబరు 1న ముగించే నాటికి వెయ్యి రూపాయలు పెరిగి 8,000 అయింది. తప్పు కేంద్రానిదన్న మాటలో నిజం లేకపోలేదు, 2018 నుంచి నెలవారీ పనులకు 2,000 దగ్గరే ఆగిన ప్రోత్సాహకాన్ని కేంద్రం ఆ సమ్మె నడుస్తున్న ఏడాదిలోనే 3,500 చేసింది. అయినా, ఖమ్మంలో న్యాయమైన డిమాండు తిరువనంతపురంలో కుట్ర ఎలా అవుతుందన్న ప్రశ్నకు మన సంఘాల నాయకుల దగ్గర నాకైతే సరైన జవాబు కనపడలేదు. ఇదే కొలత కాంగ్రెస్ సంఘానికీ పెట్టాలి, హైదరాబాద్‌లో వాళ్ళ ప్రభుత్వం ఉంది, ఇక్కడి ఆశాల టెంటుకు వాళ్ళు ఎన్నిసార్లు వచ్చారో చూడాలి.

తెలంగాణలో 2023 సెప్టెంబరు చివర్లో ఆశాలు 18,000 ఫిక్స్‌డ్ జీతం కోసం మళ్ళీ సమ్మె చేశారు. ఆ ముందు నెలలోనే రెండో ఏఎన్ఎంలూ (సబ్ సెంటర్లలో పనిచేసే కాంట్రాక్టు నర్సులు) సమ్మె చేసి ఉన్నారు, కాబట్టి ఆశాలు లేని రోజుల్లో వాళ్ళ రిజిస్టర్లు కూడా మీరే రాయండి అని పై నుంచి వచ్చే ఒత్తిడి ఎలా ఉంటుందో ఆ ఏఎన్ఎంలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పనికి వాళ్ళు ఒప్పుకుంటారా లేదా, నా లెక్కలో అసలు సంఘీభావం అక్కడే తేలుతుంది, మైకు దగ్గర కాదు. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. 2024 డిసెంబరులో అదే 18,000 కోసం కోఠిలో డైరెక్టరేట్ ముందుకు వెళ్ళిన ఆశాలకూ పోలీసులకూ తోపులాట జరిగింది.