విదేశాల్లో ఉచిత వైద్య శిబిరాలు: మందుల టేబుల్ దగ్గర కూర్చునేవాడి మాట

తిరుపతిలో నాకు మందుల షాపు ఉంది. ఏడాదికోసారి ఓ డాక్టర్ల బృందంతో కెన్యా వెళ్తాను, కిసుము చుట్టుపక్కల ఊళ్లలో ఉచిత శిబిరాలకు. తిరిగొచ్చాక కౌంటర్ దగ్గర నలుగురూ అనే మాటలే ఇవి.

అపోహ: మిగిలిన మందులేవైనా పట్టుకెళ్లొచ్చు.

ప్రయాణం అనగానే షాపుకు సంచులొస్తాయి. సగం వాడిన స్ట్రిప్పులు, డాక్టర్ల దగ్గర పోగైన శాంపిల్స్, రెండు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యే దగ్గు సిరప్‌లు. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం విరాళం మందులకు అక్కడికి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. శాంపిల్సూ, రోగులు వాపసిచ్చినవీ పనికిరావు. 2004 సునామీ తర్వాత ఇండోనేసియాలోని ఆచేకి ఎవరూ అడగని మందులు టన్నులకొద్దీ వచ్చిపడ్డాయి. వాటిని వదిలించుకోవడం ఇంకో ఖర్చు. పైగా కెన్యాలోకి మందులు తేవాలంటే అక్కడి ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు అనుమతి కావాలి. అందుకే వీలైనంతవరకు అక్కడే కొంటాం. అయిపోతే పక్క ఊరి షాపులో అదే పేరుతో దొరుకుతాయి. మిగిలిన లగేజీ బరువులో నేను ఆవకాయ పట్టుకెళ్తాను, దాచేదేముంది!

అపోహ: అక్కడన్నీ మనం చూడని జబ్బులే.

కిసుము ఉన్న విక్టోరియా సరస్సు ఒడ్డున మలేరియా ఎక్కువే. మిగతా వరస మాత్రం కుప్పంలోనో సత్యవేడులోనో క్యాంపు పెట్టినట్టే ఉంటుంది: మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి, గ్యాస్, బీపీ, షుగర్, పొయ్యి పొగకు ఆయాసం. మందును స్వాహిలిలో 'దావా' అంటారు. హైదరాబాదు వైపు దవాఖానాలో ఉన్న దవానే అది, రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. సూది వేయకపోతే వైద్యమే కాదన్న నమ్మకం కూడా రెండు చోట్లా ఉంది.

అపోహ: జ్వరం దిగితే మాత్రలు ఆపేయొచ్చు.

మలేరియాకు ఇచ్చే ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్ పెద్దవాళ్లకు పూటకు 4 చొప్పున, రోజుకు రెండు పూటలు, 3 రోజులు. మొత్తం 24 మాత్రలు. పాలతోనో కాస్త కొవ్వున్న తిండితోనో వేసుకుంటేనే మందు ఒంట్లోకి బాగా ఇంకుతుంది. ఒక పెద్దావిడ మూడోనాడు మళ్లీ వచ్చింది. నడుముకు చుట్టుకున్న లెసో గుడ్డ ముడి విప్పితే అందులో 16 మాత్రలు. మొదటి రోజుకే జ్వరం తగ్గిందట, మిగతావి మనవడికి పనికొస్తాయని దాచిందట. మా అమ్మమ్మ కొంగు ముడి గుర్తొచ్చింది. అప్పట్నుంచి కవరు మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీస్తాను. ఎన్ని, ఎప్పుడు అన్నది వాళ్ల నోట చెప్పించుకున్నాకే కవరు చేతికిస్తాను.

అపోహ: అక్కడ లైసెన్స్ ఎవరడుగుతారు?

అడుగుతారు. అక్కడి మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక లైసెన్స్ ఇస్తేనే మన డాక్టర్ రోగిని చూడాలి. ఎల్లో ఫీవర్ టీకా కూడా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్ టెన్షన్.

అపోహ: ఎంత ఎక్కువమందిని చూస్తే అంత గొప్ప.

బ్యానర్ ముందు ఫొటోకి ఆ అంకె బాగుంటుంది. లెక్కేయండి: ముగ్గురు డాక్టర్లు, 8 గంటలు, 300 మంది. మనిషికి ఐదు నిమిషాలు కూడా రావు. అందులో సగం మాట అటూ ఇటూ అనువాదం చెప్పించుకోవడానికే పోతుంది. బీపీ ఒక్కసారి 150 కనబడితే జబ్బని తేల్చలేం, ఇంకో రోజు మళ్లీ చూడాలి. తేలిందే అనుకోండి, 30 ఆమ్లోడిపిన్ మాత్రలిచ్చి విమానం ఎక్కేస్తే 31వ రోజు ఏం వేసుకోవాలి? మొదటి ఏడాది మేం చేసింది అదే. మరుసటి ఏడాది ఒకాయన ఖాళీ స్ట్రిప్ జేబులోంచి తీసి చూపించాడు, ఇవే కావాలని. మధ్యలో పదకొండు నెలలు ఏ మాత్రా లేదు.

అపోహ: పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ల వల్ల ఏమీ మిగలదు.

మా చిత్తూరు వైపువాళ్లు ఈ మాట అనకూడదు. పెద్ద జబ్బనగానే మనం పరుగెత్తే వేలూరు సీఎంసీ ఆసుపత్రి 1900లో అమెరికా డాక్టరమ్మ ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన క్లినిక్. ఆమె అక్కడే ఉండిపోయింది, 1918లో ఆడపిల్లలకు వైద్య విద్య మొదలుపెట్టింది. మేం వారం రోజుల వాళ్లం, అంత చేయలేం. అందుకని ఇప్పుడు అక్కడి ప్రభుత్వ డిస్పెన్సరీ నర్సును మా పక్కనే కూర్చోబెట్టుకుంటాం. రిజిస్టర్ ఆమెది, చేతిరాత ఆమెది, మేం వచ్చేశాక మందులిచ్చేదీ ఆమే.

కిందటిసారి ఖాళీ స్ట్రిప్ ఆయన శిబిరానికి రాలేదు. కంగారుపడి అడిగితే నర్సు రిజిస్టర్ తిప్పి చూపించింది. ముందు వారమే వచ్చి మాత్రలు తీసుకెళ్లాడట.