వరద వచ్చిపోయిన బస్తీలో పండుగ: అపోహలు - వాస్తవాలు

వరద తగ్గిన బస్తీల్లో ఆటాపాటా, పండుగలు, చిన్న చిన్న గ్రంథాలయాలు మళ్లీ నిలబడేలా చూడటం నా పని. హైదరాబాద్‌లో ఎక్కడికెళ్లినా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ముందు తిండి, గూడు. పండుగలు తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: తిండీ గూడూ ముందే, అందులో వాదన లేదు. కానీ పండుగ మన వీలు చూసుకుని రాదు. 2020 అక్టోబర్ 13 రాత్రి వాన దంచికొట్టి పాతబస్తీ దక్షిణాన కాలనీలు మునిగాయి. ఆ వారంలోనే గుర్రం చెరువుకు గండి పడింది. సరిగ్గా అవే బతుకమ్మ రోజులు. అలాంటప్పుడు ఆడవాళ్లకు కావలసింది స్టేజీ, మైకు కాదు. బురద ఎత్తేసిన కాస్త చోటు, ఒక లైటు, నాలుగు కట్టల గునుగు, తంగేడు. పూలు పేరుస్తూనే ఎవరి రేషన్ కార్డు కొట్టుకుపోయింది, ఏ ఇంటివాళ్లు ఇంకా తిరిగి రాలేదు అన్నీ మాట్లాడుకుంటారు. సాయం ఎవరికి అందలేదో తెలిసేది అక్కడే.

అపోహ: పండుగ చేసుకున్నారంటే కోలుకున్నట్టే.

వాస్తవం: కానే కాదు. ఆడినంతసేపు ఆడి, తడి గోడల మధ్యకే వెళ్లి పడుకుంటారు. పండుగ ఫొటోలు చూసి సాయం ఆపేయడం అన్యాయం.

అపోహ: పేరున్న కళాకారులను పిలిచి పెద్ద కార్యక్రమం పెడితే బస్తీకి ఊపు వస్తుంది.

వాస్తవం: ఆ ఊపు ఆ ఒక్క రాత్రికే. అదే డబ్బు బస్తీ డప్పుల మీద పెట్టండి. వరద నీళ్లలో నానిన తోలు సాగిపోతుంది, కుళ్లు వాసన కొడుతుంది, మంటకు కాపినా మోత రాదు. చెక్క చట్రం బాగుంటే నీడలో ఆరబెట్టి కొత్త తోలు ఎక్కించొచ్చు. బోనాలకు రంగు కాగితాల తొట్టెలలు కట్టేవాళ్లు, పోతరాజు వేషం వేసే పిల్లాడు చుట్టాల ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. వాళ్లను వెతికి పిలవడం ఏ కచేరీ కన్నా ముఖ్యమని నా నమ్మకం.

అపోహ: తడిసిన పుస్తకాలు, ఫొటోలు ఇక చెత్తే.

వాస్తవం: దయచేసి పారేయకండి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది, అందుకే తొందర. వరద నీరంటే మురుగు కలిసిన నీరు, చేతులకు గ్లవుజులు తప్పనిసరి. ఫొటోలను చల్లటి మంచినీళ్లలో మెల్లగా కడిగి, అంచులు మాత్రమే పట్టుకుని, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. అతుక్కున్నవాటిని లాగొద్దు. పుస్తకాల పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాను గాలికి ఉంచండి, ఎండలో పెడితే వంకర్లు పోతాయి. వెంటనే కుదరకపోతే కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, బూజు ఆగుతుంది.

అపోహ: జరిగింది మరచిపోతేనే మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని బలి తీసుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఇన్నేళ్లయినా ఆ తేదీన ఆ చెట్టు కింద చేరి పోయినవాళ్లను తలుచుకునేవాళ్లున్నారు. అందుకే గోడలకు సున్నం వేయించే ముందు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీత గీసి తేదీ రాయమని బస్తీ పెద్దలను అడుగుతాను. కొత్తగా అద్దెకు దిగేవాళ్లు ఇంటి కాగితాలు, పిల్లల పుస్తకాలు ఆ గీతకు పైన పెట్టుకుంటారు.