ఎర్రమట్టిలో ఇనుము కరువు

కుండీలో మొక్క ఆకులు పసుపు రంగుకు తిరగగానే మన ఇళ్లలో సలహాలకు కొదవ ఉండదు. ఒకరు పుల్లటి మజ్జిగ పోయమంటారు. ఇంకొకరు కోడిగుడ్డు పెంకుల పొడి వేయమంటారు. పెద్దవాళ్లు తుప్పుపట్టిన మేకులు మట్టిలో గుచ్చమంటారు. ఇవేవీ కాకపోతే ఎవరో ఒకరు గుప్పెడు యూరియా తెచ్చి ఇస్తారు. వీటిలో ఒకదానికొకటి ఎదురు పనిచేసేవి కూడా ఉన్నాయి. మజ్జిగ పులుపు మట్టిని ఆమ్లగుణం వైపు లాగుతుంది, పెంకుల్లోని సున్నం క్షారగుణం వైపు లాగుతుంది. ఈ రెండూ ఒకే జబ్బుకు మందులు ఎలా అవుతాయి? ఆకు పసుపెక్కడం మనిషికి జ్వరం రావడం లాంటిది, దాని వెనుక పది కారణాలుంటాయి. ఏ ఆకు, అందులో ఏ భాగం అన్నది చూడకుండా వేసే మందు చాలావరకు వృథా.

ఆ పసుపు కొత్తగా వచ్చి చేరిందేమీ కాదు. కెరోటినాయిడ్లనే పసుపు వర్ణకాలు ఆకులో మొదటినుంచీ ఉంటాయి, పత్రహరితం వాటిని కప్పేస్తుంది. పత్రహరితం ఎప్పటికప్పుడు విరిగిపోతూ మళ్లీ తయారవుతూ ఉంటుంది. ఆ తయారీ కుంటుపడితే అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. పత్రహరితం అణువు మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు, దాన్ని పట్టుకుని నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. ఈ వర్ణకం మీద చేసిన పరిశోధనకే జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్‌కు 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ అణువులో ఇనుము ఎక్కడా లేదు, కానీ ఇనుము లేకుండా మొక్క దాన్ని తయారు చేసుకోలేదు.

నత్రజని తగ్గినా, మెగ్నీషియం తగ్గినా, ఇనుము తగ్గినా ఆకు పసుపే అవుతుంది. తేడా అంతా ఆ పసుపు మొదలయ్యే చోటులో ఉంది. నత్రజని కరువైనప్పుడు మొక్క ముసలి ఆకుల్లోని ప్రొటీన్లను విడగొట్టి, ఆ నత్రజనిని లేత చిగుళ్లకు పంపిస్తుంది. అందుకే కింది ఆకులు ఈనెలతో సహా సమంగా పాలిపోతాయి. మెగ్నీషియాన్ని కూడా మొక్క ఇలాగే తరలించగలదు. అయితే అప్పుడు కింది ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం మాత్రమే పసుపెక్కుతుంది. ఇనుము సంగతి వేరు. ఒకసారి ఒక ఆకులో కుదురుకున్నాక అది అక్కడినుంచి దాదాపు కదలదు. కాబట్టి ఇనుము లోపం చిగురులో కనిపిస్తుంది. కొత్త ఆకు లేత పసుపుగా, దాని మీద సన్నటి పచ్చ ఈనెలు వల గీసినట్టుగా ఉంటాయి. ముదురు ఆకులు నిక్షేపంగా ఉంటాయి. పొటాష్ లోపమైతే ముదురు ఆకుల అంచులు ముందు పసుపై తర్వాత మాడతాయి. గంధకం లోపం నత్రజని లోపంలాగే ఉంటుంది కానీ లేత ఆకుల్లో మొదలవుతుంది.

మన వైపు కుండీల్లో ఈ ఇనుము కథే ఆసక్తికరం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కుండీ నింపాలంటే చేతికి ముందు దొరికేది ఎర్రమట్టి. అది ఎర్రగా ఉండటానికి కారణమే ఐరన్ ఆక్సైడ్, అంటే ఒక రకంగా తుప్పు. అలాంటి మట్టిలో నాటిన మందారం ఇనుము అందక చిగురు పసుపెక్కి నిలబడుతుంది. మట్టిలో ఇనుము ఉండటం వేరు, అది నీటిలో కరిగి వేరుకు అందడం వేరు. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే అంకె అయిన మట్టి ఉదజని సూచిక (pH) ఒక్క అంకె పెరిగితే కరిగే ఇనుము సుమారు 1,000 రెట్లు తగ్గుతుంది. సూచిక 7 దాటి పైకి వెళ్లేకొద్దీ మట్టి నిండా ఇనుమున్నా మొక్క పస్తులే.

మరి మామూలుగా కాస్త ఆమ్లగుణం వైపో తటస్థంగానో ఉండే ఎర్రమట్టి క్షారంగా ఎలా మారుతుంది? చాలా ఇళ్లలో దోషి బోరు నీరు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిపడుతుంటే ఆ నీటిలో కాల్షియం, బైకార్బొనేట్లు దండిగా ఉన్నట్టే. పొలంలో అయితే వాన వాటిని కిందికి కడిగేస్తుంది. వరండాలో వాన తగలని కుండీకి ఆ సౌకర్యం లేదు. నీరు ఆవిరై పోతుంది, అందులోని లవణాలు కుండీలోనే పోగుపడతాయి. దీనికి తోడు గుడ్డు పెంకులు, కట్టెల బూడిద, గోడకు సున్నం వేసినప్పుడు రాలిన పెచ్చులు చేరతాయి. పోషకాలని నమ్మి వేసిన పెంకులూ బూడిదా ఇక్కడ మొక్క నోటి దగ్గర ఇనుమును లాగేస్తున్నాయన్నమాట. మేకుల వైద్యం ఎందుకు పనిచేయదో కూడా ఇక్కడే తెలుస్తుంది. తుప్పుతో నిండిన మట్టిలో ఇంకాస్త తుప్పు కలిపి ప్రయోజనమేముంది? మజ్జిగ వైద్యంలో మాత్రం కొంత తర్కం ఉంది. అయితే అందులోని లాక్టిక్ ఆమ్లాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు త్వరలోనే తినేస్తాయి, పోసిన గ్లాసెడు మజ్జిగ క్షారాన్ని ఎక్కువ కాలం అణచలేదు.

ఇనుప లవణంతో పాలిపోయిన ఆకులను పచ్చబరచవచ్చని ఫ్రాన్సులో యూసెబ్ గ్రీ 1840ల్లోనే చూపించాడు. మన రైతులు వేరుశనగ మీద అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) పిచికారీ చేసేది ఆ సూత్రం మీదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లుతారు. నిమ్మ ఉప్పు లేకపోతే ఇనుము నీటిలోనే తుప్పుగా మారిపోతుంది. ఇంటి మొక్క అయితే ముందు రెండు ఆకుల మీద చల్లి, అవి మాడలేదని తెలిశాకే మిగతావాటి జోలికి వెళ్లాలి. మెగ్నీషియం లోపమని తేలితే లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ చాలు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఇంటి కుండీల్లో పసుపు ఆకులకు పోషక లోపం కన్నా ఎక్కువసార్లు కారణమయ్యేది అతి నీరు. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం సుమారు 10,000వ వంతు. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండితే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీటినీ పీల్చలేదు, ఎరువునూ పీల్చలేదు. తడిమట్టిలో మొక్క వాడిపోయి కనిపిస్తుంది. దాహమేమో అనుకుని మనం ఇంకో చెంబెడు పోస్తాం. హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) లాంటి తుపానులు అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెలలో ముసురు పట్టినా బాల్కనీలో రోజువారీ చెంబు మానని ఇళ్లున్నాయి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేర్లను పట్టుకుని బంకమట్టి ముద్ద ఉంటే కష్టం రెట్టింపు. పైన ఎర్రమట్టి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల ముద్ద నానుతూనే ఉంటుంది. వేలు రెండు కణుపుల లోతు దించి చూడటం మించిన పరికరం నాకు తెలిసి లేదు. అనుమానం తీరకపోతే మొక్కను కుండీ నుంచి జాగ్రత్తగా బయటకు తీయాలి. తెల్లగా గట్టిగా ఉన్న వేర్లు మంచివి. గోధుమ రంగులో మెత్తబడి వాసన వేస్తే వాటిని కత్తిరించక తప్పదు.

ఇంటి లోపలి మొక్కలకు వెలుతురు చాలకపోవడం ఇంకో కారణం. మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ వరకు ఉంటే, రాత్రి దీపం వెలిగించిన గదిలో 100 నుంచి 300 లక్స్ ఉంటుంది. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు.

పోషకాలతో నయం కాని పసుపు ఒకటుంది. గోగునార పంటకు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు పేరుపడ్డవి, ఆమదాలవలసలో ఆ పంట మీద పరిశోధన స్థానమే ఉంది. ఆ గోగును పీడించే ఒక వైరస్ తెల్లదోమ ద్వారా వ్యాపిస్తుంది. అది సోకిన ఆకులో ఈనెలే ముందు పసుపెక్కుతాయి, వాటి మధ్య భాగం పచ్చగా మిగులుతుంది. ఇనుము లోపానికి ఇది సరిగ్గా తలకిందులు. బెండకు ఇలాంటిదే మరో వైరస్ తగులుతుంది. డాబా మీద గోంగూరలోనో బెండలోనో ఈ గుర్తు కనిపిస్తే అన్నభేది, యూరియా జోలికి పోకుండా ఆ మొక్కను పీకేయాలి, లేకపోతే తెల్లదోమ పక్క కుండీకి మోసుకుపోతుంది. ఈనెలతో సంబంధం లేకుండా సన్నటి పసుపు చుక్కలు కనిపిస్తే ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి. కాగితం మీద చుక్కలు నడుస్తుంటే అది మొక్కలకు పట్టే నల్లి.

మందు వేశాక చూడవలసింది కొత్తగా వచ్చే ఆకులను. పూర్తిగా పసుపెక్కిన ముదురు ఆకు సాధారణంగా తిరిగి పచ్చబడదు, దాన్ని చూసి మందు పనిచేయలేదని రెండో మోతాదు వేస్తే వేర్లు మాడతాయి. కరివేపాకు విషయంలో ఒక మినహాయింపు. ధనుర్మాసపు చలికి అది ఎదుగుదల ఆపి, కొన్ని ఆకులు పసుపై రాలుస్తుంది. ఆ నెలలో దానికి ఎరువు అక్కర్లేదు, నీళ్లు తగ్గిస్తే చాలు. మాఘం వెళ్లాక కొమ్మల కొసలు కత్తిరిస్తే కొత్త చిగురు వేస్తుంది.