అరిగిన క్రాంక్ నోస్, ఊగే డ్యాంపర్ పుల్లీ: అపోహలు - వాస్తవాలు

బెజవాడ ఆటోనగర్‌లో లేత్ ముందు నిలబడి ఇరవై ఏళ్లు దాటింది. క్రాంక్ అంటే పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇంజన్ ఇరుసు. దాని జర్నల్స్, అంటే బేరింగుల్లో తిరిగే భాగాలు, అరిగితే అందరూ బుద్ధిగా గ్రైండింగ్‌కి తెస్తారు. అదే క్రాంక్ ముందు కొస, మేం నోస్ అంటాం, బెల్టు తిప్పుతూ క్రాంక్ వణుకు తగ్గించే డ్యాంపర్ పుల్లీ కూర్చునేది దాని మీదే, అది అరిగితే మాత్రం చేతనైన చిట్కాలన్నీ చేసి, ఏదీ నిలబడక, చివరికి మా దగ్గరికి వస్తారు. అప్పటికి అరుగుదల రెట్టింపై ఉంటుంది.

అపోహ: నోస్ చుట్టూ డాట్ పంచ్‌తో (మొనదేలిన ఉలితో) చుక్కలు కొడితే పుల్లీ బిగుసుకుంటుంది.

బిగుసుకుంటుంది, కొన్నాళ్లు. పంచ్ దెబ్బకి లోహం చిన్న చిన్న గుట్టలుగా లేస్తుంది. పుల్లీ హబ్, అంటే నోస్ మీద కూర్చునే నడిమి భాగం, ఆ గుట్టల కొసల మీదే ఆనుతుంది. ఇంజన్ తిరిగేకొద్దీ అవి అణిగిపోతాయి, మళ్లీ సందు. ఆమధ్య ఒక పికప్ వ్యాన్ క్రాంక్ వచ్చింది. పంచ్ గుర్తుల మీద కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుట్టి, దాని మీద పుల్లీ ఎక్కించారు. విప్పితే లోపలంతా ఎర్రటి పొడి. తడి తగిలి వచ్చిన తుప్పు కాదది. ఇనుము ఇనుముతో సన్నగా రాసుకుంటూ రాలిన పొడి. హబ్ అంచున ఆ ఎరుపు కనిపించిందంటే లోపల పట్టు పోయినట్టే.

అపోహ: కీ (నోస్‌కీ పుల్లీకీ మధ్య గాడిలో పెట్టే చిన్న లోహపు ముక్క) కొత్తది వేశాం, ఇంకేం కాదు.

ఆ వ్యాన్ డ్రైవరు కూడా "కీ మార్పించాను కదన్నా, ఇంకా ఎందుకు ఊగుద్ది?" అనే అడిగాడు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కీ పుల్లీని సరైన కోణంలో నిలబెట్టడానికి ఉంది. బరువు మోసేది హబ్‌కీ నోస్‌కీ మధ్య బిగువు, లేదా సెంటర్ బోల్ట్ నొక్కుడు. ప్రెస్ ఫిట్ (నొక్కి బిగువుగా ఎక్కించే పద్ధతి) ఉన్న చాలా కారు ఇంజన్లలో హబ్ రంధ్రం నోస్ కంటే 0.025 నుంచి 0.05 మిల్లీమీటర్లు చిన్నగా ఉంటుంది. అంటే తలవెంట్రుక మందం కూడా లేదు. ఆ కాస్తా పోతే భారమంతా కీ మీద పడుతుంది. కీ నలుగుతుంది, తర్వాత కీవే, అంటే కీ కూర్చునే గాడి, వెడల్పవుతుంది. కొన్ని ఇంజన్లలో అసలు కీయే ఉండదు. జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ వి8 ఇంజన్లలో డ్యాంపర్ బిగువు మీద, బోల్ట్ మీదే నిలబడుతుంది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ మజ్దా ఎమ్‌ఎక్స్-5 కారు. 1989-91 నాటి 1.6 లీటర్ కార్లలో నోస్ పొట్టిగా ఉండేది. బోల్ట్ సరిగా బిగించకపోతే కీ ఊగి, కీవే తినేసి, టైమింగ్ (సిలిండర్లలో మంట, వాల్వులు పనిచేసే సమయం) వెనక్కి జారి బండి పికప్ పోయేది. తర్వాత కంపెనీ నోస్‌ను పెద్దది చేసింది. పాత కార్ల వాళ్లు కొత్త కీ పెట్టి, సందులో లాక్‌టైట్ 660 అనే లోహాన్ని అంటించే మందు నింపి నెట్టుకొచ్చారు. ఆ మందు అర మిల్లీమీటరు దాకా సందు పూడ్చగలదు. అయితే నూనె చుక్క కూడా లేకుండా తుడవాలి, ఆరనివ్వాలి. నోస్ కోడిగుడ్డులా అరిగినా, కీవే పగిలినా నేనైతే దాని జోలికి పోను.

అపోహ: డ్యాంపర్ అంటే బరువైన పుల్లీ, మామూలు పుల్లీ వేసినా నడుస్తుంది.

నడుస్తుంది, క్రాంక్ విరిగేదాకా. నాలుగు సిలిండర్ల ఇంజన్ 2000 ఆర్‌పీఎమ్‌లో నిమిషానికి 4000 సార్లు ఫైర్ అవుతుంది. ప్రతి దెబ్బకీ క్రాంక్ కొంచెం మెలిపడి విడుస్తుంది. ఆ మెలికలు క్రాంక్ సహజ కంపనంతో కలిసే వేగాలు కొన్ని ఉంటాయి. అక్కడ డ్యాంపర్ బయటి రింగ్, మధ్యలో ఉన్న రబ్బరు ఆ వణుకును మింగుతాయి. పెద్ద డీజిళ్లలో రబ్బరుకు బదులు చిక్కటి సిలికాన్ ద్రవం ఉంటుంది. అలాంటి డ్యాంపర్‌కు సొట్ట పడితే మార్చడమే.

అపోహ: వెల్డింగ్ పోసి టర్నింగ్ చేస్తే కొత్తదే.

నోస్ మీద వెల్డింగ్ చేయకూడదని కాదు, ఎలా చేశారన్నదే అసలు సంగతి. ముందుగా వేడి చేయకుండా పోస్తే పక్క లోహం గట్టిపడి పెళుసవుతుంది. పోత క్రాంక్ అయితే మరీ అపాయం. వేడికి క్రాంక్ వంగుతుంది కూడా. అందుకే వెల్డింగ్ తర్వాత వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో రనౌట్ (తిప్పితే ఎంత వంకరగా ఊగుతుందో) చూడాలి, పగుళ్లు వెతకాలి. అరుగుదల తక్కువైతే నేను హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమ్ పూత) చేయించి గ్రైండింగ్ చేస్తాను. క్రోమ్ వేశాక సుమారు 190 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచాలి, లేకపోతే లోహంలోకి చేరిన హైడ్రోజన్ దాన్ని పెళుసుగా చేస్తుంది. ఈ మెట్టు ఎగ్గొట్టి చవగ్గా చేసే చోట్లున్నాయి, అడిగి తెలుసుకోండి. అరుగుదల ఎక్కువైతే నోస్ తగ్గించి స్లీవ్ (గొట్టంలాంటి లోహపు తొడుగు) దిగగొట్టే పద్ధతీ ఉంది. కానీ లోపల బోల్ట్ రంధ్రం, పక్కన కీవే ఉంటాయి. గోడ పలచబడకుండా ఎంత తీయొచ్చో లెక్క చూసుకోవాలి. అదే నోస్ మీద టైమింగ్ గేర్ కూడా కూర్చునే ఇంజన్లున్నాయి, ఆ భాగమూ కొలవాలి.

ఏ దారి పట్టినా ముందు మైక్రోమీటర్ తీయాలి. నోస్‌ను మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల. హబ్‌ను బోర్ గేజ్‌తో. చాలాసార్లు నోస్ బాగానే ఉండి హబ్ అరిగి ఉంటుంది. అప్పుడు క్రాంక్ విప్పే పనే లేదు.

అపోహ: సుత్తితో కొడితే కూర్చుంటుంది.

క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ దెబ్బతింటుంది, రబ్బరు ఊడుతుంది. హబ్‌ను మరిగే నీళ్లలో ఉంచండి. 32 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు హబ్ వేడిని 100 డిగ్రీలు పెంచితే రంధ్రం దాదాపు 0.037 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. మన నీళ్లు మరిగేసరికి పెరిగేది 70 డిగ్రీలే కాబట్టి అందులో సుమారు మూడొంతుల్లో రెండొంతులు. మిగతాది ఇన్‌స్టాలర్ టూల్ (పుల్లీని నెట్టి ఎక్కించే పనిముట్టు) చూసుకుంటుంది. గ్యాస్ టార్చ్ పెట్టారో, రబ్బరు మాడుతుంది. సెంటర్ బోల్ట్‌తో లాగించొద్దు, క్రాంక్ మరలు ఊడొస్తాయి. ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో, ఆ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకెకే. వాడిపారేసే రకం బోల్ట్ అయితే కొత్తది వేయండి.

బిగించాక హబ్ మీంచి రబ్బరు దాటి బయటి రింగ్ దాకా తెల్ల పెయింట్‌తో ఒకే గీత గీయండి. ఐదొందల కిలోమీటర్లకి టార్చ్‌లైట్ వేసి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే నోస్ తప్పు కాదు, రబ్బరు జారింది. ఆ డ్యాంపర్ మార్చాలి, దాని మీదున్న టైమింగ్ గుర్తునూ నమ్మొద్దు.