బీరువా ఎప్పుడు ఖాళీ చేయాలి? అపోహలు - వాస్తవాలు

భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడటమే నా పని. కౌన్సెలింగ్‌కి వచ్చి దుఃఖం గురించి అడుగుతారనుకుంటాం గానీ, చాలామంది అడిగేది బీరువా గురించే. "ఆయన చొక్కాలు ఇంకా అలాగే ఉన్నాయండీ, నాకేమైనా అయిందంటారా?" అని. ఈ ప్రశ్న వెనక తరచుగా ఇంకొకరుంటారు, చెల్లెలో, కొడుకో, "ఎన్నాళ్లిలా పెట్టుకుంటావ్" అన్న స్నేహితురాలో. వాళ్లు కూడా ఇది చదివితే మంచిది.

అపోహ: వస్తువులు ఎంత తొందరగా తీసేస్తే అంత తొందరగా కోలుకుంటారు.

అలాంటి లెక్కేమీ లేదు. కొందరు రెండో వారంలోనే అన్నీ సర్దేస్తారు, వాళ్లకి అదే తేలిగ్గా ఉంటుంది, వాళ్లది రాతిగుండె అనుకోనక్కర్లేదు. కొందరు ఏళ్లు గడిచాక గానీ మొదటి అర తెరవరు. రెండూ మామూలే. తర్వాత నా దగ్గర బాధపడేవాళ్లు ఎక్కువగా ఒత్తిడి మీద ఇచ్చేసినవాళ్లు. ఇవ్వనిది రేపైనా ఇవ్వొచ్చు, ఇచ్చేసింది వెనక్కి రాదు కదా.

ముఖ్యంగా ఉతికే విషయంలో తొందర వద్దు. చివరిసారి కట్టుకున్న చీర, తలగడ గలీబు, కుర్చీ వీపు మీద వేలాడుతున్న చొక్కా, వీటిలో ఉండే మనిషి వాసన ఒక్క ఉతుకుతో పోతుంది. మిగతా ఇంద్రియాలతో పోలిస్తే వాసన మెదడులో జ్ఞాపకాలకీ భావోద్వేగాలకీ సంబంధించిన భాగాలకి చాలా దగ్గరి దారిలో చేరుతుంది, అందుకే ఫోటో చూసి తట్టుకున్న మనిషి కూడా కాలర్ ముక్కుకి తగలగానే కుప్పకూలిపోతారు. ఉంచుకోవాలనిపిస్తే గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టండి. ఎప్పటికీ ఉండదు గానీ కొన్నాళ్లు నిలుస్తుంది.

అపోహ: ఉంచుకున్నారంటే ఇంకా బయటపడలేదన్నమాట.

ఈ ఆలోచన చాలా పాతది. పోయినవారి నుంచి మనసుని కొద్దికొద్దిగా విడదీసుకోవడమే దుఃఖం చేసే పని అని 1917లో మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ రాశాడు, ఆ మాట దశాబ్దాల పాటు ఈ రంగాన్ని నడిపించింది. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే పరిశోధకులు దానికి ఎదురు చెప్పారు: బంధం తెగిపోనక్కర్లేదు, రూపం మార్చుకుని కొనసాగుతుంది, అది రోగమేమీ కాదు అని. ఆయన గడియారం మీ చేతికి పెట్టుకుని ఉద్యోగానికి వెళ్తున్నారా? వెళ్లండి.

మరి ఎప్పుడు ఆలోచించాలి? దుఃఖం విడవకుండా ఉండిపోయే స్థితికి ఇప్పుడు వైద్యపరంగా పేరుంది. పెద్దవాళ్ల విషయంలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022 ప్రమాణాల ప్రకారం కనీసం 12 నెలలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం కనీసం 6 నెలలు గడవాలి. గడిస్తే చాలదు, దాదాపు రోజూ పోయినవారి కోసం తపనో, వారి గురించిన ఆలోచనలో వదలకుండా ఉండి, పని, మనుషులతో సంబంధాలు లాంటివి బాగా దెబ్బతినాలి. ఆ లక్షణాల్లో ఎక్కడా 'చొక్కాలు ఉంచుకున్నారు' అని లేదు. ఉన్నది ఒకటుంది, ఆ మనిషి లేరని గుర్తుచేసే వాటికి దూరంగా తప్పించుకు తిరగడం. గదికి తాళం వేసి అటువైపే వెళ్లకపోవడం అలాంటిదే కావచ్చు, నిజమే. కానీ ఒక్క వస్తువూ కంటపడకుండా ఇల్లంతా రెండు రోజుల్లో ఊడ్చేయడం కూడా అదే కావచ్చు. రెండోదాన్ని మనం 'ధైర్యం' అని మెచ్చుకుంటాం, అంతే తేడా.

అపోహ: దుఃఖంలో ఐదు దశలుంటాయి (కాదనడం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం), అవి దాటి 'అంగీకారం' వచ్చాకే వస్తువులు ముట్టుకోవాలి.

1969లో మానసిక వైద్యురాలు కుబ్లర్-రాస్ ఆ దశలు చెప్పింది ప్రధానంగా తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగుల గురించి. మీ బీరువాకి వాటితో పనిలేదు.

అపోహ: భర్తనో భార్యనో పోగొట్టుకున్న మనిషి ఊరెళ్లినప్పుడు మనమే అంతా సర్దేస్తే పెద్ద సాయం.

దయచేసి చేయకండి. మంచి మనసుతోనే చేస్తారు, తెలుసు, అయినా తిరిగొచ్చిన మనిషికి రెండోసారి పోగొట్టుకున్నట్టు ఉంటుంది. మీకు పాత బిల్లులా కనిపించే కాగితం వెనక ఆయన చేతిరాతలో సామాన్ల జాబితా ఉండొచ్చు. సాయం చేయాలంటే పక్కన కూర్చోండి, సంచులు పట్టుకోండి, "ఇదెందుకు?" అని మాత్రం అడక్కండి.

సర్దడానికి నేను చెప్పే పద్ధతి ఇది. జ్ఞాపకం అంటని వాటితో మొదలుపెట్టండి: వాడని మందుల స్ట్రిప్పులు, షేవింగ్ క్రీము, చిరిగిన చెప్పులు. మందులు ఇంకొకరికి ఇవ్వొద్దు, మీరూ వేసుకోవద్దు. ప్రతి జేబూ, ప్రతి పర్సూ, ప్రతి పుస్తకంలో పేజీలూ చూశాకే పక్కన పెట్టండి. మూడు కుప్పలు చేయండి, ఉంచేవి, ఇచ్చేవి, ఇప్పుడు తేల్చలేనివి. మొదటి రోజు మూడోదే కొండంత అవుతుంది, కంగారు పడకండి, అట్టపెట్టెలో పెట్టి తేదీ రాసి అటక మీద పడేయండి. గంట దాటాక ఆపేసి బయటికి వెళ్లండి, ఎవరితోనైనా వేరే ఏదైనా మాట్లాడండి. కాసేపు దుఃఖంలోకి, కాసేపు బతుకు పనుల్లోకి, మళ్లీ వెనక్కి, ఇలా ఊగుతూ ఉండటమే సహజమని 1999లో స్ట్రోబే, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. నా ముందు కూర్చునేవాళ్లలో నాకు కనిపించేదీ అదే.

అపోహ: పోయినవారి ఫోన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బట్టలకి గడువు లేదు గానీ ఫోన్‌కి ఉంది. సిమ్ ఆపేస్తే బ్యాంకు, ఈమెయిల్ ఓటీపీలు రావు. వదిలేసిన నంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి వెళ్తుంది, అప్పుడు మీ ఫోన్‌లో పోయినవారి పేరు మీద ఎవరో తెలియని మనిషి డీపీ కనిపిస్తుంది, దానికి సిద్ధంగా ఎవరుంటారు? వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే సాధారణంగా తీసేస్తారు. కాబట్టి రీచార్జ్ చేస్తూ, వాట్సాప్ అప్పుడప్పుడు తెరుస్తూ ఉండండి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఎవరికీ ఇవ్వకండి. మీ ఫోన్‌లో ఉన్న తన వాయిస్ మెసేజ్‌లు రెండు చోట్ల కాపీ చేయండి, వినకపోయినా సరే. ఆ పని మీరే చేయలేకపోతే, ఫోన్ల గురించి తెలిసిన మేనకోడలికో మేనల్లుడికో అప్పగించి, మీరు పక్క గదిలో ఉండండి.